మాణెమ్మ కందూరు

మెదక్ వెళ్ళొచ్చానంటే అందరూ ముందుగా చర్చి చూశారా అని అడుగుతున్నారు. చూశాను. ఉన్నన్ని రోజులూ ఊళ్ళో ఎటు వెళ్ళినా అది కనిపిస్తూనే ఉంది. కానీ నేను కాకినాడ నుంచి అంత దూరం వెళ్ళింది తినడానికి. ఉద్యోగం ముగిసిన తర్వాత ఏడాదికోసారి నేను పెట్టుకున్న పని ఇదొక్కటే. ఎన్నడూ చూడని ఊరికి వెళ్ళి, ఎన్నడూ తినని వంటకాలు తిని, ఇంటికొచ్చి వాటి గురించి ఉన్నదున్నట్టు రాయడం.

ఉన్నదున్నట్టు అన్న మాటకు కొంచెం వివరం కావాలి. గోదావరి ఒడ్డున మాకొకప్పుడు దివాణం ఉండేది. ఇప్పుడది పెళ్ళిళ్ళకు అద్దెకిచ్చే మండపం, అద్దె తీసుకునేది మేము కాదు. మా నాన్నగారి కాలానికి వెండి కంచాలు పోయాయి, నా కాలానికి ఆ కంచాలుండేవని చెప్పేవాళ్ళు కూడా పోయారు. దివాణం నుంచి నా వాటాకు వచ్చింది నాలుక. మా తాతగారి పంక్తిలో వంటకం బాగుంటే బాగుందనేవారు, లేకపోతే లేదనేవారు. మర్యాద కోసం అబద్ధమాడితే అది వంట చేసిన మనిషిని తక్కువ చేయడమని వారి అభిప్రాయం. నాదీ అదే. దీని వల్ల నన్ను భోజనాలకు పిలిచేవాళ్ళు తగ్గారు. అభిప్రాయం మాత్రం మారలేదు.

రామాయంపేటలో గుడాలు

బస్సు రామాయంపేటలో ఆగినప్పుడు దిగకుండా ఉండాల్సింది. కానీ కిటికీ కింద ఒకామె గంపలో ఉడికించిన బబ్బెర్లు పెట్టుకుని కూర్చుంది. పైన సన్నగా తరిగిన ఉల్లిపాయ, పచ్చిమిర్చి, నిమ్మకాయ. వాటిని గుడాలంటారట. మా వైపు గుగ్గిళ్ళు పండగ రోజున దేవుడి ముందు పెట్టేవి. మధ్యాహ్నం ఎండలో రోడ్డు పక్కన, పది రూపాయల పొట్లంగా, మెకానిక్కులూ కాలేజీ ఆడపిల్లలూ నిలబడి తినే గుగ్గిళ్ళను నేను మొదటిసారి చూశాను.

నిలబడి తినడం మా ఇంటా వంటా లేదు. టీ కొట్టు బల్ల మీద కూర్చుని, పొట్లం విప్పి, నిదానంగా తిన్నాను. గింజ లోపల మెత్తగా ఉంది, పొట్టు మాత్రం పంటి కింద గట్టిగా తగులుతోంది. ఉల్లిపాయ అప్పుడే తరిగింది. తప్పు పట్టడానికేమీ లేదు. తల ఎత్తేసరికి బస్సు లేదు. నా సంచి దాంతో పాటే వెళ్ళింది.

"ఉరకకపోతిరి సార్, అందుకుందురు" అన్నాడు పక్కనే ఆటోలో కూర్చున్న మనిషి.

మేము ఉరకం అని చెప్పాను. అతను నన్ను పైనుంచి కిందికి ఒకసారి చూసి, ఆటో స్టార్ట్ చేసి, ఎక్కమన్నాడు. పేరు సాయిలు. మెదక్ వాడే. కిరాయి ఒకటి దించి ఖాళీగా తిరిగి వెళ్తున్నాడు. నలభై దాటిన మనిషి, నవ్వితే చెంపలు లోపలికి పోతాయి. దారి పొడుగునా ఏదో ఒకటి అడుగుతూనే ఉన్నాడు. తినడానికే వచ్చానంటే అతనికి నమ్మకం కుదరలేదు. చుట్టాలు లేకుండా, పని లేకుండా, మొక్కు లేకుండా ఎవరైనా మెదక్ వస్తారా అని అతని సందేహం. చివరికి మా కుటుంబం సంగతి చెప్పాల్సి వచ్చింది.

"అంటె మీరు దొరలా?" అన్నాడు అద్దంలో నన్ను చూస్తూ.

మా వైపు ఆ మాటలో కొంత గౌరవం ఉంటుంది. అతని గొంతులో అది లేదు.

"మా తాన దొరల గడీలు కూలి మస్తు దినాలాయె సార్."

"మాదీ కూలింది" అన్నాను.

దాంతో ఇద్దరికీ తేలికైంది. మెదక్ బస్టాండులో కండక్టరు నా సంచి అప్పగించి వెళ్ళాడు. అందులో ఒక్క వస్తువు కూడా పోలేదు. తర్వాతి మూడు రోజులూ సాయిలు ఆటోలోనే తిరగడానికి మాట్లాడుకున్నాను.

మార్కెట్ దారిలో సర్వపిండి

ఈ ఊళ్ళో మంచి సర్వపిండి ఎక్కడ దొరుకుతుందని అడిగితే, సాయిలు ఏమీ చెప్పకుండా మార్కెట్ నుంచి వచ్చే దారిలో ఒక బండి దగ్గర దించాడు. బండి నడిపే మాణెమ్మ అతని భార్య అని అక్కడికి వెళ్ళాక తెలిసింది.

తినని వాళ్ళ కోసం చెబుతున్నాను. బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, కారం, ఉల్లికాడ, కరివేపాకు వేసి గట్టిగా కలుపుతారు. ఆ ముద్దను లోతైన గిన్నె లోపల, అడుగు నుంచి అంచు దాకా, చేత్తో పలచగా ఒత్తుతారు. వేలితో అక్కడక్కడా చిల్లులు పెట్టి, చిల్లుల్లో నూనె వేసి, మూత పెట్టి, సన్నటి సెగ మీద వదిలేస్తారు. వేడి గిన్నెకు పిండి అంటుకోదు కాబట్టి ఒక గిన్నె పొయ్యి మీద ఉంటే ఇంకొకటి నీళ్ళ తొట్టిలో చల్లారుతూ ఉంటుంది. కాలిన తర్వాత గిన్నె ఆకారంలోనే, టోపీలాగా ఊడి వస్తుంది. మా వైపు తపేలా చెక్క దీనికి చుట్టమే, కానీ అది మెత్తన. దీని అంచు కరకరలాడుతుంది, అడుగు మాత్రం మెత్తగా నమలడానికి ఉంటుంది.

మాణెమ్మ చేతివేగం చూడముచ్చటగా ఉంది. అయితే తినేవాళ్ళు నోట్లో ముక్క పెట్టుకున్నప్పుడల్లా ఆమె పని ఆపి వాళ్ళ మొహం వైపు చూస్తోంది. నా ముందు ఇద్దరు తిని మస్తుందన్నారు. నా వంతు వచ్చింది. ఎట్లుంది సార్ అని అడిగింది.

కాల్చడం చాలా బాగుందని, అంచు ఇంత సన్నగా రావడం గొప్పని, కానీ ఉప్పు తక్కువైందని చెప్పాను.

ఆమె వెనక నిలబడిన సాయిలు రెండు చేతులూ ఊపుతూ నన్ను ఆపబోయాడు. అప్పటికే మాట బయటికి వచ్చేసింది. మాణెమ్మ గరిటె పక్కన పెట్టింది. నా కంచంలోంచి కాకుండా, గిన్నెలోంచి కొత్త ముక్క తుంచి నోట్లో వేసుకుని, కళ్ళు మూసుకుని చాలాసేపు నమిలింది.

"తక్కువనే ఉంది" అంది. తర్వాత భర్త వైపు తిరిగింది. "నాకు పొద్దుగాల్లనే అనిపించింది. నిన్నడిగితె సమంగుందంటివి గద."

"జర అటిటు ఉంటది తీ" అన్నాడు సాయిలు నేల చూస్తూ.

మాణెమ్మ మళ్ళీ గరిటె అందుకుంది. నా దగ్గర ఇరవై రూపాయలు తీసుకోనంది. తిన్నదానికి ఇవ్వకుండా లేచే అలవాటు మాకు లేదని నేను బండి మీద పెట్టాను. వెళ్తుంటే సాయిలుతో, ఆదివారం ఈ సారును కందూరు భోజనానికి తీసుకురమ్మని చెప్పడం వినిపించింది.

పొద్దున పాయ, మధ్యాహ్నం నల్ల

మర్నాడు పొద్దున్నే ఒక ముస్లిం హోటల్లో పాయ తిన్నాను. మేక కాళ్ళను తెల్లవార్లూ సన్న సెగ మీద ఉడికించి తీసిన రసం. పెదవులు ఒకదానికొకటి అంటుకునేంత జిగట. నాన్ రొట్టె తుంచి అందులో నానబెట్టుకుని తినాలి. గల్లా దగ్గర కూర్చున్న పెద్దాయన నేను రొట్టెను చెంచాతో ముంచడం చూసి, లేచి వచ్చి, తన చేత్తో రొట్టె తుంచి చూపించి వెళ్ళి మళ్ళీ కూర్చున్నాడు. ఆయన చెప్పిన పద్ధతే సరైంది. మిరియం కొంచెం ఎక్కువన్నాను. చలికాలం గదా, గొంతుకు మంచిదన్నాడు. అది ఒప్పుకోదగిన జవాబే.

అక్కడే, టీ తాగుతూ, సాయిలు తన ఇంటి సంగతి చెప్పాడు.

కరోనా వచ్చినప్పుడు మాణెమ్మకు జ్వరం పట్టింది. దావఖానలో చేరకుండానే తగ్గింది. కానీ నోటి రుచి, ముక్కు వాసన వెళ్ళిపోయాయి. అందరికీ వారాల్లో తిరిగి వచ్చాయి, ఆమెకు రాలేదు. అన్నం తడి మట్టి నమిలినట్టుండేదట. పోపు వేస్తే ప్లాస్టిక్ కాలిన కంపు. వాడలో ఎవరు తొక్కు పచ్చడి పెట్టినా ఉప్పు చూడమని తెచ్చేది ఆమె దగ్గరికే, ఆ మనిషికే ఇలా అయింది. బండి మానలేక, డబ్బాతో కొలిచి కొలిచి నడిపింది. ఎలా ఉందని ఇంట్లో అడిగితే బాగుందనేవారు. బాగాలేదంటే ఆ పూట తినకుండా ఏడ్చేది కాబట్టి, ఎలా ఉన్నా బాగుందనడం ఇంటిల్లిపాదికీ అలవాటైంది. నోరు మళ్ళీ వస్తే కందూరు చేస్తానని ఊరవతల దర్గాకు మొక్కుకుంది.

కందూరంటే దర్గా దగ్గర మేకను కోసి, అక్కడే పొయ్యి పెట్టి వండి, ఫాతెహా ప్రార్థన చదివించి, వచ్చినవాళ్ళందరికీ పెట్టే భోజనం. ఈ ప్రాంతంలో హిందువులూ ముస్లిములూ అందరూ చేస్తారు. మిగిలింది ఇంటికి తేకూడదు.

ఇప్పుడు తనకు నోరు వచ్చిందని మాణెమ్మ అంటోంది. అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఆమె ఉప్పు తక్కువైందంటే ఇంట్లో వాళ్ళు లేదు బాగుందంటారు, సరిపోయిందంటే అవును సరిపోయిందంటారు. ఏది నిజమో తేల్చుకోవడానికి ఆమెకు దారి లేదు.

"ఇగ మా అక్క ఒకటే లొల్లి" అన్నాడు సాయిలు. "నోరు రాకుంటనే మొక్కు ఎట్ల చెల్లిస్తరంటది."

అక్క పేరు లచ్చవ్వ, ఉండేది శంకరంపేట. అంతకు ముందు ఏడాది వాళ్ళింట్లో జరిగిన ఫంక్షన్లో మాణెమ్మ వండిన కూరలో ఉప్పు రెండింతలు పడిందట. చుట్టాలు ఎవరూ ఏమీ అనలేదు, పెరుగన్నం తిని లేచారు. లచ్చవ్వ దాన్ని మరిచిపోలేదు. కందూరు వంట తనే చేస్తానంది. మాణెమ్మ ఒప్పుకోలేదు. నేనే వండుతా, కూర చెడితే బండి అమ్మేస్తా, ఇంకెప్పుడూ నలుగురికి వండే గరిటె పట్టనని అందరి ముందూ అనేసింది.

"అన్నదంటె చేస్తది సార్. గదే నా పరేషాన్."

వండేటప్పుడు రుచి చూసుకోవచ్చు కదా అన్నాను. కూడదట. ఫాతెహా కాకముందు ఆ వంటను ఎవరూ నోట్లో పెట్టకూడదు. ఉప్పూ పులుపూ ఆవిరి వాసన పట్టి తెలుసుకోవాలి. తర్వాత కూడా ముందు బయటివాళ్ళు, తర్వాత చుట్టాలు, చివరికి ఇంటివాళ్ళు తింటారు.

మధ్యాహ్నం కల్లు దుకాణం పక్కన నల్ల తిన్నాను. నల్ల అంటే మేక రక్తం. గడ్డకట్టించి, ముక్కలు చేసి, ఉల్లిపాయలతో పొడిపొడిగా వేయిస్తారు. మా దివాణంలో మేకను కోస్తే మాంసం లోపలికి వచ్చేది. రక్తం, పేగులు, తలకాయ వంటశాల వెనక పనివాళ్ళకు వెళ్ళేవి. అందువల్ల మూడు తరాలుగా మాలో ఎవరూ వాటి రుచి ఎరగరు. తిన్న తర్వాత నాకు తోచింది, మా పనివాళ్ళు మాకంటే బాగా తిన్నారని. ఇంకో ప్లేటు తెప్పించుకున్నాను. అమ్మే ఆమె, సారు గొంతు నిండా తింటున్నాడు గాని వీపు మాత్రం వంచుతలేడని సాయిలుతో అంది. భోజనం దగ్గర వంగి కూర్చోవడం మాకు నేర్పలేదు.

కందూరు గురించి ఒక ఇబ్బంది మిగిలింది. మా వైపు భోజనానికి ఇంటావిడ వచ్చి బొట్టు పెట్టి పిలవాలి. దారిలో భర్తతో అన్న మాట పిలుపు కాదు. ఆ మాటే చెబితే సాయిలు నవ్వాడు.

"కందూరుకు పిలుసుడేంది సార్. పొగ కనవడితె వస్తరు."

పొగ చూసి వచ్చే రకం కాదన్నాను. సాయంత్రం మాణెమ్మ ఫోన్ చేసింది.

"సారూ, మీరు రావాలె. మీరు మొదటి పంక్తిల తింటరు, నేను ఆఖరుకు తింటా. నేను తిన్నదాంక మీరు నోరు తెరవొద్దు. మంచిగుందనొద్దు, లేదనొద్దు. తర్వాత ఉన్నది ఉన్నట్టు చెప్పుండ్రి. మన ఇద్దరి మాట ఒక్కసారి కలిస్తె నసీబంటరు. రెండోసారి ఏమంటరో సూస్తా."

నోరు మూసుకోమని మా వంశంలో ఎవరికీ ఎవరూ చెప్పి ఉండరు. వస్తానన్నాను.

గుట్ట కింద పొగ

ఆదివారం మేము వెళ్ళేసరికి గుట్ట కింద వేపచెట్ల మధ్య నాలుగైదు కుటుంబాల పొయ్యిలు రాజుకుంటున్నాయి. మేకను ముజావర్ సాబ్ పొద్దున్నే కోశారట. దర్గాను చూసుకునే ముసలాయన ఆయన, తెల్ల గడ్డం, మెల్లగా నడుస్తారు. మగవాళ్ళు చాప మీద మాంసం కొడుతున్నారు. ఒకామె రొట్టెల్ని బెల్లంతో కలిపి దంచుతోంది. అది మలీద, ఫాతెహాలో ముందు పెట్టేది అదే. బగారా అన్నం లచ్చవ్వ చేతిలో ఉంది. మాణెమ్మ దాల్చా దగ్గర నిలబడింది. దాల్చా అంటే ఎముకల మాంసం, శనగపప్పు, సొరకాయ, చింతపులుసు కలిపి పెద్ద గంజులో ఉడికించేది.

మా ఇంట్లో నైవేద్యం వండేటప్పుడు వంటబ్రాహ్మడు ముక్కుకు కూడా గుడ్డ కట్టుకునేవాడు, వాసన చూడడం కూడా ఎంగిలే అని. ఇక్కడ మాణెమ్మకు ఉన్న ఆధారం ముక్కే. గంజు మీదికి వంగి, కొంగుతో ఆవిరిని మొహం వైపు విసురుకుని, కాసేపు ఆగి, పిడికెడు ఉప్పు వేసింది. కలిపింది. మళ్ళీ వంగింది. ఈసారి ఉప్పు తీసిన చెయ్యి గాలిలోనే ఆగింది. సగం డబ్బాలోకి తిరిగి వదిలి, సగమే వేసింది.

"సూడుండ్రి, ఉప్పును ముక్కుతోటి సూస్తుంది" అంది లచ్చవ్వ. మనిషి పొడుగ్గా ఉంటుంది, నడుముకు చేతులు పెట్టుకుని నిలబడితే ఇంకా పొడుగు.

"వదినె, నువు అన్నం సూస్కో. ముద్దయితె అది గూడ నా మీదనే ఏస్తవు."

చుట్టుపక్కల ఆడవాళ్ళు నవ్వారు. మాణెమ్మ నవ్వలేదు. ఆమె పై పెదవి మీద చెమట పట్టింది.

ఊదు పొగలో ముజావర్ సాబ్ ఫాతెహా చదివారు. తర్వాత మొదటి పంక్తి. చాపల మీద, విస్తర్ల ముందు, నాతో పాటు పక్క పొయ్యిల వాళ్ళు, దారిన పోతూ ఆగిన ఒక లారీ డ్రైవరు, ఇద్దరు ఫకీర్లు. అన్నం పొడిపొడిగా ఉంది, లవంగం వాసన వస్తోంది. దాని మీద దాల్చా పోశారు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాను.

పప్పు పూర్తిగా కరిగిపోయింది, సొరకాయ ముక్క మాత్రం విరగలేదు. ఎముక లోపలి మూలుగ పులుసులోకి దిగింది. దాంతో పాటు తెలిసినవి మూడు. అవి అక్కడ చెప్పకూడదు. తింటూ ఉన్నాను.

ఎట్లుంది సార్ అని ముందు సాయిలు అడిగాడు. నేను జవాబు చెప్పలేదు. లారీ డ్రైవరు అడిగాడు. అతనికీ చెప్పలేదు. వడ్డించే మనిషి అడిగి, ఆగి, వెళ్ళిపోయాడు. నా మౌనం చాప పొడుగునా పాకింది. ఎదుటి మనిషి కలిపిన ముద్దను ఎత్తబోయి, ఒకసారి వాసన చూసి తిన్నాడు. ఒకతను నిమ్మకాయ ఉందా అని అడిగాడు. ఇంకొకతను ఉల్లిపాయ అడిగాడు.

"సారు మాట్లాడుతలేడంటె సమజైంది తీ" అంది లచ్చవ్వ, అందరికీ వినపడేలా.

సాయిలు మొహంలో రంగు పోయింది. నా జీవితంలో అంత రుచి గల భోజనాన్ని అంత ఇరుకున పడి తిన్న రోజు లేదు.

చెయ్యి కడుక్కుంటుండగా ఒక ఆలోచన వచ్చింది. మాణెమ్మ తిన్న తర్వాత నేను నోరు విప్పితే, ఆమె అన్నదానికి నేను తల ఊపానంటారు. అప్పటికే మర్యాదకు తల ఊపేవాళ్ళు ఆమె చుట్టూ చాలామంది ఉన్నారు. నా మాట ముందే ఒకరి దగ్గర ఉండాలి. దర్గా మెట్ల మీద కూర్చున్న ముజావర్ సాబ్ దగ్గరికి వెళ్ళి, ఆయన చెవిలో మూడు మాటలు చెప్పి, అడిగినప్పుడు చెప్పమన్నాను.

"నాకే చెప్తున్నరా" అని నవ్వారాయన. "నాకు బీపీ. డాక్టర్ సాబ్ ఉప్పు బంద్ పెట్టిండు. నాకు అన్ని కూరలు ఒక్కటే."

అందుకే ఆయన మాటను ఎవరూ కాదనలేరన్నాను.

చివరి పంక్తిలో ఇంటివాళ్ళు కూర్చున్నారు. సాయిలు, లచ్చవ్వ, ఇంకో నలుగురు, వాళ్ళ కొసన మాణెమ్మ. తిన్నవాళ్ళు కూడా చుట్టూ నిలబడ్డారు. ఆమె అన్నం కలిపింది. చిన్న ముద్ద చేసి నోట్లో పెట్టుకుంది. పక్క పొయ్యి దగ్గర ఎవరో గంజు తోముతున్నారు.

"ఉప్పు సమంగుంది" అంది.

గుంపులో అందరూ ఒక్కసారిగా మాట్లాడారు. మస్తుంది మాణెమ్మ, ఫస్ట్ క్లాస్ చేసినవు అన్నారు. ఆమె ఎంగిలి చెయ్యి ఎత్తింది.

"ఆగుండ్రి. పులుపు తక్కువుంది. చింతపండు కొత్తది, ఇంక పోయాలె ఉండె. అడుగు గూడ జర పట్టింది. నేను మలీద కాడికి పోయినప్పుడు ఎవ్వలు కలపలే."

"గిప్పుడు ఇట్లంటవు" అంది లచ్చవ్వ. "నీకు నువ్వే వంక పెట్టుకుంటె నోరొచ్చినట్టా?"

మాణెమ్మ నా వైపు చూసింది. నేను ముజావర్ సాబ్ వైపు చెయ్యి చూపించాను.

ఆయన మెట్టు మీద నుంచి లేవలేదు. "ఈ సారు ఇందాకనే నా చెవుల ఏసి పెట్టిండు" అన్నారు. "ఉప్పు ఠీక్. పులుపు కమ్. అడుగు పట్టింది. గీ బిడ్డ అన్నది గదే. ఒక్క మాట అటిటు లేదు."

లచ్చవ్వ తన విస్తరిలో దాల్చాను వేలితో తీసి నాలుక మీద రాసుకుంది. ఇంకోసారి రాసుకుంది.

"నాకైతె మంచిగనే ఉండె" అంది, గొంతు తగ్గించి.

తర్వాత ఆమె లేచింది. గంజు దగ్గరికి వెళ్ళి, ఎముక ముక్కలు ఏరి, గరిటె నిండా తెచ్చి మాణెమ్మ విస్తరిలో పోసింది. "తిను. మొక్కు చెల్లింది."

మాణెమ్మ తల వంచుకుని తినడం మొదలుపెట్టింది. ఎముక విరిచి మూలుగ పీల్చింది, సొరకాయ ముక్కను నోట్లో అటూ ఇటూ తిప్పింది, మళ్ళీ అన్నం అడిగింది. ఎవరు పలకరించినా తల ఎత్తలేదు. పులుపు తక్కువై, అడుగు పట్టిన కూరను ఒక మనిషి అంత సంతోషంగా తినడం నేనింతకు ముందు చూడలేదు. సాయిలు విస్తరి వదిలేసి ఆమె పక్కన కూర్చుని నీళ్ళ గ్లాసు పట్టుకుని ఉన్నాడు. నీళ్ళు కూడా ఆమె అడగలేదు.

మిగిలింది ఇంటికి తేకూడదు కాబట్టి సాయంత్రం దాకా మగవాళ్ళు రోడ్డు మీద నిలబడి బైకుల వాళ్ళను ఆపి భోజనానికి తెచ్చారు. లచ్చవ్వ వడ్డించింది. తినేవాళ్ళు బాగుందంటే, ఉత్తగ అనకు, పులుపు తక్కువుంది సూడు అని గదమాయించడం విన్నాను.

వెళ్ళే ముందు

మర్నాడు పొద్దున బస్సుకు ముందు బండి దగ్గర ఆగాను. మాణెమ్మ అప్పటికే రెండు గిన్నెలు పొయ్యి మీద పెట్టింది. నాకు బల్ల వేసి, మొదటి సర్వపిండి కంచంలో పెట్టింది. ఉప్పు సరిగ్గా ఉంది. కారం నాలుక చివర మొదలై మెల్లగా వెనక్కు వెళ్ళింది. అంచు అద్దంలా పలచన. అయితే నువ్వులు ఎక్కువయ్యాయి, పల్లీల రుచిని కప్పేస్తున్నాయి. ఆ మాటే చెప్పాను.

ఆమె ముక్క తుంచి నోట్లో వేసుకుంది. ఈసారి కళ్ళు మూసుకోలేదు.

"ఎక్కువ లేవు. గట్లనే ఉండాలె" అంది.

ఎక్కువేనన్నాను.

"లేవు సారూ. నిన్న దాల్చా గొంతుదాంక తిన్నరు. ఇయ్యాల మీ నోరే సమంగ లేదు."

సాయిలు ఆటో మీద చెయ్యి వేసి గట్టిగా నవ్వాడు. మా పంక్తిలో రుచి గురించి మేము చెప్పిన మాటకు ఎదురు చెప్పినవాళ్ళు లేరు. నేను ఇంకో సర్వపిండి అడిగి, నీళ్ళు పుక్కిలించి, మళ్ళీ తిని చూశాను. నా అభిప్రాయం మారలేదు. కాకినాడ వచ్చి ఇది రాస్తున్నప్పుడు కూడా మారలేదు. ఆ బండి దగ్గర నువ్వులు ఎక్కువ.

ఆ సంగతే వెళ్ళే ముందు మరోసారి, స్పష్టంగా, ఆమెకు చెప్పాను. మాణెమ్మ అంతా విన్నది. నా మొహం చూస్తూనే పిండి పళ్ళెం దగ్గరికి లాక్కుని, ఇంకో గుప్పెడు నువ్వులు పోసి కలిపింది.